పదకొండో నంబరు సహోద్యోగి

సోమవారం ఉదయం పది గంటల పదిహేడు నిమిషాలకు, పాలంక జీవాల రవాణా ధ్రువపత్రాల కార్యాలయంలో పదకొండో నంబరు సహోద్యోగి ముఖం నీలంగా మారింది. ఆ తర్వాత కదల్లేదు.

ఆ క్షణంలో బల్లకు ఇవతల ఉన్నది ఒక్కడే. పేరు మాలకొండయ్య. ఊరు కందుకూరు వైపు. పని బాతులు మేపడం. కిటికీ అవతల ఆవరణలో అతని బాతులు ఎనిమిది వందల నలభై ఉన్నాయి. అతని భార్య అంకమ్మ పొడుగాటి వెదురు గడ పట్టుకుని అవి గేటు దాటకుండా కాస్తోంది.

"ఏంది సార్, ఉన్నట్టుండి ఇట్టా అయింది?" అన్నాడు మాలకొండయ్య.

బల్ల అవతలి గుమాస్తా రెండుసార్లు మౌసు ఆడించాడు. ఒకసారి కీబోర్డు మీద అరచేత్తో కొట్టాడు. తర్వాత చేతులు రెండూ వెనక్కి తీసుకున్నాడు, హత్య జరిగిన గదిలో ఏదీ ముట్టుకోకూడదని తెలిసిన మనిషిలా.

మాలకొండయ్యకు కావలసింది ఒక కాగితం. ఈ బాతులకు జబ్బేమీ లేదు అని రాసి ఉండే కాగితం. అది ఉంటే ఊరి చివర వంతెన మీది చెక్‌పోస్టు దాటి పక్క జిల్లాలోకి వెళ్ళొచ్చు. అక్కడ సార్వా వరి కోసిన చేను పన్నెండు ఎకరాలు అతను మాట్లాడుకున్నాడు. రాలిన గింజే బాతులకు తిండి. గురువారం మధ్యాహ్నం రెండో పంట దాళ్వాకు కాలవ నీళ్ళు వదులుతారు. నీళ్ళొస్తే చేను బురదగా దున్ని దమ్ము చేస్తారు. గింజ మట్టిలోకి పోతుంది. అంటే అతని చేతిలో ఉన్నది మూడు రోజులు.

ఆ కాగితం చేత్తో రాసిస్తే చెల్లదు. పదకొండో నంబరు సహోద్యోగి మాత్రమే ఇవ్వాలి.

పదకొండో నంబరు సహోద్యోగి ఒక కంప్యూటరు.

దాన్ని అలా పిలవడం వెనక ఒక ఉత్తర్వు ఉంది. ఏడాది కింద ప్రధాన కార్యాలయం వారికి ఒక శిక్షణ శిబిరంలో జ్ఞానోదయం అయింది. యంత్రాన్ని యంత్రంగా చూడటం వల్లే పనులు ఆలస్యమవుతున్నాయని తేలింది. వెంటనే 'డిజిటల్ సహోద్యోగి' పథకం వచ్చింది. ప్రతి కంప్యూటరుకూ ఒక ఉద్యోగి సంఖ్య, హాజరు పట్టీలో ఒక గడి, ఒక సర్వీసు రిజిస్టరు. పాలంక ఆఫీసులో మనుషులు పదిమంది. కంప్యూటరు పదకొండోది. రోజూ దాని బటను నొక్కినవాళ్ళే దాని తరఫున సంతకం పెడతారు. జనవరిలో దానికి ఉత్తమ సేవా పత్రం కూడా వచ్చింది. మిగతా పదిమందిలో ఎవరికీ రాలేదు.

పదకొండున్నరకు గౌసియా వచ్చింది. బస్టాండు దగ్గర కంప్యూటర్ల రిపేరు షాపు ఆమెదే. స్కూటీ తాళాల గుత్తికి ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. కంప్యూటరు వైపు ఒక్కసారి చూసింది.

"ఆపరేటింగ్ సిస్టమ్ పోయిందండి. దీంట్లో కొత్తది ఉంది. గుచ్చి ఎక్కించేస్తాను. నలభై నిమిషాల పని."

మాలకొండయ్య ముఖం వెలిగింది. బయటికి పరిగెత్తి, "గంటలో పోదాం మే, గడ తయారుగా పెట్టుకో!" అని అరిచాడు.

అతను లోపలికి తిరిగి వచ్చేసరికి పెన్‌డ్రైవ్‌కూ కంప్యూటరుకూ మధ్య ఒక చెయ్యి అడ్డంగా ఉంది. ఆ చెయ్యి సూపరింటెండెంటు వరూధిని గారిది.

వరూధిని గారికి ముప్పై ఏళ్ళ సర్వీసు. నిబంధనల పుస్తకాలు ఆమె చూసి చెప్పరు, చెప్పి చూస్తారు. ఒకసారి బదిలీ మీద వచ్చిన అధికారిని తొమ్మిది రోజులు వరండాలో కూర్చోబెట్టారు. పాత అధికారి చార్జి కాగితం మీద సంతకం పెట్టకుండా తీర్థయాత్రకు వెళ్ళిపోవడమే కారణం.

"అమ్మాయ్, పాతది పోయి కొత్తది వస్తుందంటున్నావు. అంతేనా?" అన్నారు.

"అంతేనండి."

"అంటే కుర్చీ అదే, మనిషి మారుతున్నాడు. పాతవారు చార్జి అప్పగించారా?"

"ఎవరండీ?"

"ఇప్పటిదాకా లోపల ఉన్నవారు. అప్పగించాను అని వారు, స్వీకరించాను అని వీరు, ఒకే కాగితం మీద రాయాలి. అది లేకుండా ఈ ఆఫీసులో ప్యూను స్టూలు మీద కూడా ఎవరూ కూర్చోలేదు."

గౌసియా నవ్వింది. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. దాంతో ఆమె నవ్వు సగంలో ఆగింది.

విషయం సహాయ సంచాలకులు చిదానందం గారి గదికి వెళ్ళింది. ఆయన పశువైద్యులు. పదకొండేళ్ళుగా ఫైళ్ళకు తప్ప దేనికీ వైద్యం చేయలేదు. కళ్ళు మూసుకుని అంతా విన్నారు.

"సూపరింటెండెంటు గారి వాదనలో బలముంది. సదరు సిస్టమ్ ముందస్తు అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనట్లు ప్రాథమికంగా కనబడుతున్నది. సంజాయిషీ కోరుదాం."

"ఎవర్నండీ?" అంది గౌసియా.

"దాన్నే."

మధ్యాహ్నం రెండింటికి నోటీసు తయారైంది. ఇరవై నాలుగు గంటల్లోగా విధుల్లో చేరి గాని, చార్జి అప్పగించి గాని సహకరించవలెను, లేనియెడల ఏకపక్ష చర్య గైకొనబడును. అటెండరు గంగరాజు దాన్ని జిగురుతో తెర మీద అంటించాడు. అందినట్టు సంతకం కావాలన్నారు. ఒక నిమిషం వేచి చూసి, 'తీసుకొనుటకు నిరాకరించినది' అని వెనక రాశాడు.

"ఇంతకీ నా కాగితం?" అన్నాడు మాలకొండయ్య.

"ప్రక్రియలో ఉంది," అన్నారు వరూధిని గారు.

*

మంగళవారం ఉదయానికి బాతులు ఆవరణలోని గడ్డి, మురికి కాలవలో నత్తలు, పూలకుండీల్లో పురుగులు అన్నీ ఖాళీ చేశాయి. ఆకలితో అరవడం మొదలుపెట్టాయి. ఆఫీసులో ఎవరి మాట ఎవరికీ వినబడటం లేదు. అందువల్ల పనికి ఆటంకమేమీ కలగలేదు.

గౌసియా గోడ మీద కూర్చుని అడిగింది. "అంకమ్మక్కా, కాగితం లేకుండా కాలవలో దించి ఆ ఒడ్డుకి తోలేయకూడదూ? ఈత వచ్చినవేగా?"

"పోయినేడు మా తమ్ముడు అట్టానే తోలాడమ్మా," అంది అంకమ్మ. "పట్టుకున్నారు. కాగితం లేదంటే జబ్బున్నట్టేనంట. ఆరొందలు బతికున్నవి బతికున్నట్టే గుంట తీసి పూడ్చారు. వాడిప్పుడు ఐసుగడ్డలు మోసే పనికి పోతా ఉండాడు."

గౌసియా గోడ దిగింది. నేరుగా చిదానందం గారి గదిలోకి వెళ్ళింది.

"సార్, అది గైర్హాజరు కాదు. చచ్చిపోయింది. చచ్చినవాళ్ళని చార్జి అడగరు కదా?"

చిదానందం గారి కళ్ళు తెరుచుకున్నాయి. వరూధిని గారి వైపు చూశారు. ఆమె తల ఊపారు. పదవిలో ఉండగా మరణించిన పక్షంలో పంచనామాతో చార్జి తీసుకోవచ్చు. అయితే మరణం వైద్యాధికారి ధ్రువీకరించాలి.

"వైద్యాధికారిని నేనే," అన్నారు చిదానందం గారు. పదకొండేళ్ళ తర్వాత ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు. గంగరాజు బీరువా అడుగు నుంచి స్టెతస్కోపు తీసి దుమ్ము దులిపాడు.

ఆఫీసులో ఉన్న మరణ ధ్రువీకరణ నమూనా ఒక్కటే, పశువులది. అదే నింపారు. గుమాస్తా చదువుతుంటే డాక్టరు గారు పరీక్షించి చెబుతూ పోయారు.

"జాతి?"

"దేశవాళీ కాదు. సంకరం."

"రంగు?"

"నలుపు."

"కొమ్ములు?"

"లేవు."

"తోక?"

ఆయన వంగి వెనక్కి చూశారు. "ఉంది. ఒకటి గోడలోకి, ఒకటి ప్రింటరులోకి. రెండు అని రాయండి."

"చూడి కట్టినదా?"

"ఆ గడి కొట్టేయండి."

తర్వాత స్టెతస్కోపు చెవులకు తగిలించుకుని, పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చిల్లుల దగ్గర ఆనించారు. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. కిటికీ అవతల బాతులు కూడా ఒక్క క్షణం ఊరుకున్నాయి.

డాక్టరు గారి ముఖంలో రంగు మారింది.

"శ్వాస ఆడుతోంది," అన్నారు.

"అది ఫ్యాను సార్!" గౌసియా అరిచింది.

"ఒళ్ళు వెచ్చగా కూడా ఉంది. ఊపిరి ఉన్న ప్రాణిని చనిపోయిందని రాయమంటావా అమ్మాయ్? రేపు ఇది లేచి కూర్చుంటే నా ఉద్యోగం ఎవరిస్తారు?"

సాయంత్రం నాలుగింటికి తుది నిర్ణయం వెలువడింది. పదకొండో నంబరు సహోద్యోగి అపస్మారక స్థితిలో ఉంది. దానికి పదిహేను రోజుల అనారోగ్య సెలవు మంజూరైంది. ఆ పదిహేను రోజులూ వేరొకరికి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించవచ్చు. వేరొకరు అంటే గౌసియా తాళాల గుత్తికి వేలాడుతున్నవారు.

"అంటే ఇప్పుడు గుచ్చొచ్చా?" అంది గౌసియా.

"ముందు వారు విధుల్లో చేరినట్టు రాసివ్వాలి. స్వభావ నిర్ధారణకు పోలీసు స్టేషనుకు పంపాలి. గుర్తింపు చిహ్నాలు రెండు రాయాలి."

గౌసియా బల్ల మీది తెల్లకాగితం లాక్కుంది. కూర్చుని, పెన్‌డ్రైవ్ తరఫున చేరిక పత్రం రాసింది. గుర్తింపు చిహ్నాలు: ఎడమ పక్క గీత, మెడకు రింగు. గంగరాజు సైకిలు మీద స్టేషనుకు వెళ్ళొచ్చాడు. ఆ కాగితం మీద 'సదరు వ్యక్తి మా పరిధిలో ఏ కేసులోనూ ముద్దాయి కాడు' అని రాసి, స్టాంపు వేసి ఉంది. స్టేషనులో ఎవరూ ఏమీ అడగలేదట.

ఆ సాయంత్రం గోడ పక్కన తొమ్మిది బాతులు లేవలేదు. అంకమ్మ వాటిని గోనెసంచిలో వేసుకుని గేటు బయటికి తీసుకెళ్ళింది. మెట్ల మీద నిలబడి ఉన్న వరూధిని గారు అది చూశారు. ఆమె చేతిలో ఇంటికి వెళ్ళే సంచి ఉంది. చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

*

బుధవారం ఉదయం పదకొండు. కొత్త అధికారికి స్వాగతం పలికారు. పెన్‌డ్రైవ్‌కు బంతిపువ్వు దండ పట్టదు కాబట్టి ఒక రేక చుట్టారు. పదిమందీ చప్పట్లు కొట్టారు. గౌసియా రేక విప్పి, పెన్‌డ్రైవ్ గుచ్చి, బటను నొక్కి, ఒక మీట మీద వేలు టకటకా ఆడించింది.

తెర నల్లబడింది. తర్వాత వెలిగింది. కొత్త బొమ్మ వచ్చింది.

మాలకొండయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఏ భాష అని అడిగింది. ఏ దేశం అని అడిగింది. గౌసియా నొక్కుతూ పోయింది. నిబంధనలు అంగీకరిస్తున్నారా అని అడిగింది. చిదానందం గారు ఉలిక్కిపడ్డారు.

"ప్రభుత్వం తరఫున అంగీకరించే అధికారం నాకు..."

"అడుగుతున్నది మిమ్మల్ని కాదు సార్, పెన్‌డ్రైవ్ గారిని," అంటూనే గౌసియా నొక్కేసింది. ఆయన నిట్టూర్చి కుర్చీలో వాలారు.

ఇంక ఒక్క మెట్టు. తెర మీద ఒక గడి తేలింది. ఈ డిస్కులో ఉన్న సమాచారమంతా తుడిచివేయబడుతుంది. కొనసాగించాలా?

"ఆగమ్మా!"

వరూధిని గారి గొంతు కిటికీ అద్దాలను కదిలించింది.

"రికార్డుల ధ్వంసం. పదేళ్ళు నిలవ ఉంచాల్సినవి పదేళ్ళు, శాశ్వతమైనవి శాశ్వతంగా. ధ్వంసం చేయాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ వేయాలి. మూడు నెలల ముందు ప్రకటన ఇవ్వాలి."

"మేడమ్, ఏదీ పోదు. మొన్న మీరు నోటీసు రాస్తుండగానే అంతా వేరే డిస్కులోకి కాపీ చేసి పెట్టాను."

అది చెప్పకుండా ఉండాల్సింది.

చిదానందం గారు మెల్లగా లేచి నిలబడ్డారు. "ప్రభుత్వ రికార్డుల నకళ్ళు తీశావా? ఎవరి అనుమతితో?"

పన్నెండు గంటలకల్లా గౌసియాకు మెమో అందింది. పెన్‌డ్రైవ్ సస్పెండయింది. పదవిలో ఉన్నది పద్నాలుగు నిమిషాలు. దాన్ని కవరులో పెట్టి లక్క సీలు వేశారు. తెర మీద గడి అలాగే ఉంది, కొనసాగించాలా అని అడుగుతూ.

మాలకొండయ్య ఇంతసేపూ గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు లేచాడు. తలపాగా విప్పి భుజాన వేసుకుని వరూధిని గారి బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నాకు సదువు రాదు. మూడు రోజుల్నించీ మీ మాటలే ఇంటా ఉండా. ఒకటి అడగతా, తప్పయితే తిట్టండి. ఆ డబ్బా మీ ఉద్యోగస్తుడు ఎట్టా అయింది?"

"ఉత్తర్వు ఉందయ్యా."

"అందులో ఏం రాసుండాదో సదవండమ్మా. సచ్చేముందు తెలుసుకుంటా."

ఆమె సొరుగు లాగి చదివారు. "కార్యాలయ ఆవరణయందు వరుసగా మూడు పనిదినములు హాజరై, కార్యాలయ ప్రయోజనమునకు తోడ్పడు మానవేతర సేవాదాయకమేదైనను సహోద్యోగిగా పరిగణించవలెను."

"మానవేతర అంటే?"

"మనిషి కానిది."

"సరిపోయె," అన్నాడు మాలకొండయ్య. "సోమారం, మంగళారం, బుధారం. నా బాతులు మూడు రోజులూ ఈడనే ఉండాయి. మీరంతా పదింటికి వస్తుండారు, అయ్యి తెల్లారకముందే హాజరు. రేత్రి కూడా ఇంటికి పోలా."

"ప్రయోజనం?" అన్నారు చిదానందం గారు.

"మీ మురిక్కాలవలో దోమపురుగు ఒక్కటుంటే చూపెట్టండి సామీ. ఇంక గుడ్లంటారా, గంగరాజన్నని అడగండి."

గంగరాజు తల గోక్కున్నాడు. "పొద్దున్న నూట డెబ్బై ఏరానండి. అందరి ఇళ్ళకీ ఇచ్చాను. అయ్యగారి కేరేజీలో అట్టు కూడా అదేనండి."

చిదానందం గారు కేరేజీ మూత మెల్లగా పెట్టేశారు.

వరూధిని గారు ఉత్తర్వు మళ్ళీ చదివారు. కిటికీలోంచి బయటికి చూశారు. గోడ పక్కన అంకమ్మ ఒక బాతును ఒళ్ళో పెట్టుకుని దోసిట్లో నీళ్ళు పట్టిస్తోంది. వరూధిని గారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు.

"అభ్యంతరం కనబడటం లేదు సార్," అన్నారు.

"అయితే?" అన్నాడు మాలకొండయ్య.

"అయితే ఏం కావాలయ్యా నీకు?"

"బదిలీ కావాలమ్మా. వంతెన అవతలికి."

గౌసియా మెమో కింద పెట్టింది.

సహోద్యోగులు బదిలీ మీద వెళ్తే రవాణా ధ్రువపత్రం అక్కర్లేదు. విడుదల ఉత్తర్వు చాలు. విడుదల ఉత్తర్వు కంప్యూటరు ఇవ్వకూడదు. కార్యాలయాధిపతి స్వహస్తాలతోనే రాయాలని పాతకాలపు నిబంధన. వరూధిని గారు ఇదంతా ఒక్క గుక్కలో చెప్పి, కలం మూత తీసి చిదానందం గారి చేతికిచ్చారు.

"హోదా?"

"బాతు," అన్నాడు మాలకొండయ్య.

"ఎందరు?"

"ఎనిమిది వందల ముప్పై ఒకటి. తొమ్మిది పోయినయి గదా."

కలం ఒక్క క్షణం ఆగింది. "పేర్లు?" అన్నారు చిదానందం గారు, మెల్లగా.

గదిలో మళ్ళీ ప్రమాదం వాసన వేసింది. వరూధిని గారే అందుకున్నారు. "ఒకే హోదా అయితే మొదటి వారి పేరు రాసి 'మరియు ఇతరులు' అనవచ్చు సార్. ముందు నడిచేదాన్ని ఏమంటారయ్యా?"

"మేస్త్రీ అంటామమ్మా."

"మేస్త్రీ మరియు ఎనిమిది వందల ముప్పై మంది ఇతరులు."

ఇక చార్జి. బాతులు ఆవరణను అప్పగించాలి. గంగరాజు స్వీకరించాలి. మేస్త్రీని లోపలికి తెచ్చారు. మెడ మీద పచ్చటి మచ్చ ఉన్న పెద్ద పోతు బాతు. అంకమ్మ దాని ఎడమ పాదాన్ని స్టాంపు ప్యాడు మీద అద్ది కాగితం మీద ఆనించింది. మూడు వేళ్ళ జాలపాదం స్పష్టంగా పడింది. దాని కింద గంగరాజు రాశాడు: 'ఖాళీ ఆవరణ, ఒకటి, స్వీకరించితిని.' అందరిలోకీ ఆ సంతకమే చదవడానికి వీలుగా ఉందని చిదానందం గారు మెచ్చుకున్నారు. గంగరాజు సంతకాన్ని కాదు.

*

సాయంత్రం నాలుగు. వంతెన మీద చెక్‌పోస్టు. గేటు కర్ర అడ్డంగా ఉంది. దాని ముందు ఎనిమిది వందల ముప్పై ఒక్క బాతులు, వాటి వెనక ఇద్దరు మనుషులు.

కుర్చీలో ఉన్న కాపలా ఉద్యోగి చెయ్యి చాచాడు. "ఆరోగ్య పత్రం?"

మాలకొండయ్య ఉత్తర్వు ఇచ్చాడు.

కాపలా ఉద్యోగి చదివాడు. బాతుల వైపు చూశాడు. మళ్ళీ చదివాడు. సీలు గోటితో గీకి చూశాడు. లేచి నిలబడ్డాడు.

"ఇదేంటయ్యా ఇది? బదిలీయా?"

"ఆ సార్. బదిలీ మీద పోతా ఉండారు."

"ఆరోగ్య పత్రం లేకుండానా?"

"తమరు ఈడికి బదిలీ అయినప్పుడు తమర్ని పశువుల డాక్టరు కాగితం అడిగారా సార్?"

కాపలా ఉద్యోగి కాసేపు ఆలోచించాడు. తనను ఎవరూ అడగలేదు. కాగితం మడిచి మాలకొండయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నాలుగేళ్ళ నుంచి మా ఊరికి బదిలీ పెట్టుకుని తిరుగుతున్నానండి. ఒక్కడికి, ఒక్కడికి అవ్వలేదు. మీరు ఎనిమిది వందల మందికి ఒక్క పూటలో చేయించారు. ఎవర్ని పట్టుకున్నారేంటి?"

"సూపరింటెండెంటమ్మని," అన్నాడు మాలకొండయ్య.

అతను జేబులోంచి చీటీ తీసి ఆ మాట రాసుకున్నాడు. తర్వాత గేటు కర్ర పైకెత్తి, ఎందుకైనా మంచిదని, ముందు నడుస్తున్న మేస్త్రీకి సెల్యూట్ కొట్టాడు.

పొద్దు వాలకముందే బాతులు చేను చేరాయి. అంకమ్మ గడ పక్కకు తీసింది. గురువారం మధ్యాహ్నం కాలవ నీళ్ళు వచ్చేలోగా ఎనిమిది వందల ముప్పై ఒక్కరూ, ఒక్కరు కూడా సెలవు పెట్టకుండా, విధులు నిర్వర్తించారు. నీళ్ళు గట్టెక్కేసరికి పన్నెండు ఎకరాల్లో ఒక్క గింజ పెండింగులో లేదు.